కంచె లేని ఖాళీ జాగాను కుక్కల పార్కు అని చూపినందుకు ఫిర్యాదు

హనుమకొండ

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ యాప్‌లో విశాఖపట్నానికి ఇచ్చిన ‘బెల్టు విప్పి ఆడించే పార్కుల’ జాబితా తప్పులతడకగా ఉండటం, చందా వాపసు, వైద్య ఖర్చుల చెల్లింపు, జాబితా తొలగింపు గురించి.

అయ్యా/అమ్మా,

నమస్కారం. మా ఇంట్లో లక్కీ అనే లాబ్రడార్ ఉంది. మా అబ్బాయి ఉద్యోగం విశాఖపట్నంలో కాబట్టి ఈసారి ఎండాకాలమంతా వాడి దగ్గరే ఉందామని మార్చిలో లక్కీని కారులో ఎక్కించుకొని ఖమ్మం, రాజమండ్రి మీదుగా వెళ్లాం. బయల్దేరే ముందే మీ యాప్‌కు ఏడాది చందా కట్టాం. కట్టడానికి కారణం ఒక్కటే. ‘తీర ప్రాంతంలో కుక్కల్ని బెల్టు లేకుండా వదలగలిగే పార్కులు, మా బృందం స్వయంగా వెళ్లి చూసినవి’ అని మీరు ప్రకటించారు. ఒక్కో చోటు పేరు పక్కన పచ్చరంగు టిక్కు కూడా పెట్టారు. ఆ టిక్కును నమ్మి డబ్బు కట్టినవాళ్లం మేము.

ఆ టిక్కుకు నేనెందుకు అంత విలువ ఇచ్చానో చెప్పాలి. లాబ్రడార్‌కు నడక చాలదు, పరుగు కావాలి. పరుగు లేకపోతే ఒళ్లు పెరుగుతుంది, కీళ్లు పాడవుతాయి, ఇంట్లో చెప్పులు మిగలవు. అయినా హనుమకొండలో మేము దాన్ని ఎక్కడా వదలం. వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి పొద్దున్నే పెద్దవాళ్లు, పిల్లలు నడకకు వస్తారు. 2023 మేలో మా కాజీపేటలో వీధికుక్కల దాడిలో ఒక చిన్న బాబు చనిపోయాడు. ఆ తర్వాత మా వైపు చాలా ఇళ్లలో కుక్క అంటేనే భయం పట్టుకుంది. మా లక్కీ ఎవరినీ ఏమీ అనదని నాకు తెలుసు. కానీ ఎదురుగా వచ్చే తల్లికి, ఆమె కొంగు పట్టుకొని నడిచే బిడ్డకు ఆ సంగతి తెలియదు కదా. వాళ్ల భయం న్యాయమైనది. అందుకే మాకు నాలుగు వైపులా కంచె ఉన్న జాగా కావాలి. అలాంటివి మీ దగ్గర ఉన్నాయని చెప్పి మీరు మా దగ్గర డబ్బు తీసుకున్నారు.

ఇప్పుడు అక్కడ మేము చూసినవి చెబుతాను.

జాబితాలో మొదటి పేరు మధురవాడ వైపు ఒక ‘కంచె గల డాగ్ పార్కు’. తీరా వెళ్తే అది ప్లాట్లుగా విడగొట్టిన లేఅవుట్‌లో ఖాళీ జాగా. కంచె లేదు, గేటు లేదు, నీళ్ల కుళాయి లేదు. ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క ఇళ్లు కట్టగా మిగిలిన ఇనుప చువ్వలు, గాజు పెంకులు. మీరు పెట్టిన ఫోటోలో మాత్రం నున్నగా కత్తిరించిన పచ్చిక, దాని వెనక వరసగా దేవదారు చెట్లు ఉన్నాయి. విశాఖ తీరంలో కనిపించేవి సరుగుడు తోటలు, తాడిచెట్లు, కొబ్బరిచెట్లు. మీ బృందం ఆ చోటికి వెళ్లలేదని చెప్పడానికి ఆ ఒక్క ఫోటో చాలు.

మేము కారు దిగి లక్కీ బెల్టు ఇంకా విప్పనేలేదు, అక్కడి వీధికుక్కలు చుట్టుముట్టాయి. అందులో ఒకటి ఈనిన కుక్క, దాని పిల్లలు పైపుల కింద ఉన్నాయి. లక్కీ తొడ మీద కరిచింది. విడిపించబోయిన మా ఆయన చేతికి పన్ను గీరుకుంది. నేను ఆ కుక్కలను తప్పుపట్టను. అది వాటి జాగా, పైగా అది తల్లి. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకొచ్చిన చోటనే తిరిగి వదిలిపెట్టాలి. అంటే కంచె లేని ప్రతి ఖాళీ జాగాలోనూ అక్కడే స్థిరపడిన కుక్కలు ఉంటాయి. కొత్త కుక్క వస్తే మీద పడతాయి. పెంపుడు కుక్కల పేరు మీద వ్యాపారం చేసే కంపెనీకి ఇంత మాత్రం తెలిసి ఉండాలి.

పక్కనే ఉన్న ఇంటివాళ్లు, వాళ్లు మంచివాళ్లు, సబ్బు ఇచ్చి కుళాయి విప్పారు. పావుగంట సేపు గాయాలు కడిగాం. లక్కీకి కుట్లు పడ్డాయి. ఏటా వేయించే రేబిస్ టీకా ఉన్నా మళ్లీ వేయాలని డాక్టర్ గారు చెప్పి వేశారు. మా ఆయనకు కూడా ఆసుపత్రిలో టీకాలు మొదలుపెట్టారు. బిల్లుల నకళ్లు ఈ లేఖకు జతచేశాను.

గాయం మానిన తర్వాత మిగతా చోట్లయినా సరిగా ఉంటాయేమోనని వెళ్లాం. సాగర్‌నగర్ వైపు ఒక బీచ్‌ను మీరు ‘రోజంతా కుక్కల్ని స్వేచ్ఛగా వదలవచ్చు’ అని రాశారు. అక్కడ ఇసుకలో వలతో కట్టిన చిన్న దడి, దాని దగ్గర ఒక కాపలా మనిషి కనిపించారు. అది అటవీశాఖ వాళ్లు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లను పొదిగించే చోటు. ఆ పెద్దాయన లక్కీని చూడగానే లేచి వచ్చి, “అమ్మా, బెల్టు గట్టిగా పట్టుకోండి, రాత్రి కూడా ఒక తాబేలు ఎక్కి గుడ్లు పెట్టి పోయింది” అన్నారు. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరానికి తాబేళ్లు వస్తాయట. ఒక్కోటి వంద గుడ్ల దాకా పెడుతుంది. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఈలోగా గుడ్లను తవ్వి తినేవాటిలో కుక్కలు ముందుంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూల్‌లో, అంటే పులితో సమానంగా కాపాడవలసిన వాటిలో ఉంది. లాబ్రడార్ మూతికి వాసన తగిలితే తవ్వకుండా ఆగదు. సరిగ్గా ఆ నెలల్లో, సరిగ్గా ఆ ఇసుకలో కుక్కల్ని వదలమని మీరు రాస్తున్నారు. నా మట్టుకు నాకు మీ జాబితాలో అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. మా కుక్కకు తగిలిన గాయం మానిపోయింది. అక్కడ ఒక గూడు పోతే వంద పిల్లలు పోయినట్టే.

రుషికొండ పేరు కూడా పెట్టారు. శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు ఆ బీచ్‌కు 2020లో వచ్చింది. ఆ గుర్తింపు నిబంధనల్లోనే కుక్కలూ ఇతర పెంపుడు జంతువులూ బీచ్‌లోకి రావడాన్ని గట్టిగా అదుపు చేయాలని ఉంది. గేటు దగ్గరే మమ్మల్ని ఆపారు, ఆపడం వాళ్ల బాధ్యత. ఇక ఆర్కే బీచ్ సాయంత్రం ఎలా ఉంటుందో విశాఖలో ఎవరిని అడిగినా చెబుతారు. ముంత మసాలా బండ్లు, గుర్రాలు, పిల్లలు, సెల్ఫీలు తీసుకునేవాళ్లు. ఆ జనంలో బెల్టు విప్పడమంటే ఎవరికో ఒకరికి దెబ్బ తగిలించడమే. నిర్లక్ష్యంగా జంతువును వదిలి మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఆ కేసు కుక్కను పట్టుకెళ్లిన మా మీద పడుతుంది, మీ పచ్చ టిక్కు మీద పడదు.

జాబితాతో పాటు మీరిచ్చిన వాతావరణ సలహా ఇంకా ప్రమాదకరమైనది. ‘తెలంగాణ లోపలి ఊళ్ల కన్నా తీరంలో ఉష్ణోగ్రత తక్కువ, సముద్రపు గాలి ఉంటుంది కనుక మధ్యాహ్నం కూడా ఆడించవచ్చు’ అని రాశారు. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పట్టదు, పాదాల దగ్గర కాస్త మాత్రమే. అది నాలుక చాపి రొప్పుతూ, నోటి తడి ఆవిరి అవుతుంటేనే చల్లబడుతుంది. గాలిలోనే తడి నిండుగా ఉంటే ఆ ఆవిరి తేలిగ్గా పోదు. వరంగల్‌లో మేలో 42 డిగ్రీలు దాటుతుంది, నిజమే. కానీ అది పొడి వేడి. నీడలో తడి గోనె పరిస్తే లక్కీ తట్టుకుంటుంది. విశాఖలో 33 డిగ్రీలకే దాని నాలుక పక్కకు వేలాడి, చొంగ చిక్కబడి, నడవలేక కూర్చుండిపోయింది. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటుంది. 41 దాటితే వడదెబ్బ, ప్రాణం మీదికి వస్తుంది. ఎండకు కాలిన ఇసుక, సిమెంటు బాట దాని పాదాల మెత్తలను కాలుస్తాయి. అరచేతి వెనక భాగం నేల మీద ఆన్చి ఏడు సెకన్లు ఉంచలేకపోతే అక్కడ కుక్కను నడిపించకూడదు. దాహానికి ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు. ఒడ్డుకు కొట్టుకొచ్చే కప్పచేప (పఫర్ ఫిష్) విషం. ఇవేవీ మీ సలహాలో లేవు. తీర ప్రాంతం గురించి డబ్బు తీసుకొని చెప్పేవాళ్లు మొదట చెప్పవలసినవి ఇవే.

మీకు యాప్ ద్వారా ఫిర్యాదు చేస్తే వచ్చిన జవాబు ఇది: ‘మీ అనుభవానికి చింతిస్తున్నాం. స్థలాల వివరాలు తోటి సభ్యులు పంపినవి. వెళ్లే ముందు మీరే సరిచూసుకోవాలి.’ ప్రకటనలో మీ బృందం స్వయంగా చూసిందన్నారు, ఫిర్యాదు రాగానే సభ్యులు పంపారంటున్నారు. ఈ రెండిట్లో ఒకటే నిజం కాగలదు. మేమే వెళ్లి సరిచూసుకునేటట్టయితే చందా దేనికి కట్టినట్టు? మళ్లీ రాస్తే అదే జవాబు, ఒక్క అక్షరం మారకుండా వచ్చింది. మా ఆయన చేతికి ఏమైందని అడిగిన మనిషి లేడు.

మంచి పార్కు ఎలా ఉంటుందో తెలియదనడానికి వీల్లేదు. హైదరాబాద్ కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ వాళ్లు ఒకప్పటి చెత్త కుప్పల జాగాను బాగుచేసి 2018లో కుక్కల పార్కు తెరిచారు. 1.3 ఎకరాల్లో చుట్టూ కంచె, పచ్చిక, నీళ్లలో ఆడుకోవడానికి చిన్న కొలను ఉన్నాయి. మేము లక్కీని అక్కడికి తీసుకెళ్లాం కాబట్టే తేడా ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను. సముద్రతీరం విషయానికి వస్తే, అమెరికాలో మా అమ్మాయి ఉండే శాన్ డియాగోలో ఓషన్ బీచ్ ఉత్తరపు కొసను కుక్కల కోసమే కేటాయించారు. 1970ల నుంచీ అది అలాగే ఉంది. అక్కడ కుక్కల్ని ఎక్కడి దాకా వదలవచ్చో బోర్డు ఉంటుంది, మలం ఎత్తడానికి సంచులుంటాయి, ఆ హద్దు దాటితే బెల్టు పెట్టాల్సిందే. అధికారులు అనుమతి ఇచ్చి, హద్దు గీసి, బాధ్యత తీసుకుంటే తీరంలో కూడా కుక్కకు స్వేచ్ఛ కుదురుతుంది. అనుమతే లేని చోట మీరు టిక్కు పెడితే కుదరదు.

మీ వాళ్లు నిజంగా ఒక చోటికి వెళ్తే చూడవలసినవి పెద్ద విద్యలేమీ కావు. దూకలేనంత ఎత్తున కంచె, కింద సందు లేకుండా. ఒకటి మూసాకే ఇంకొకటి తెరిచే జంట గేట్లు, ఎందుకంటే కుక్కలు తప్పించుకునేది లోపలికి వెళ్లేటప్పుడే. పొమెరేనియన్ లాంటి చిన్న వాటికి వేరే గది. చెట్ల నీడ, తాగే నీళ్లు. తీరంలోనైతే సూర్యుడు రాకముందూ, పొద్దుపోయాకా తెరిచి ఉంచే వేళలు, దానికి దీపాలు. నీళ్లు నిలవని నేల, ఎందుకంటే నిలిచిన మురుగుతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, ఆ వేడీ తేమలో పిడుదులు పెరిగి పిడుదు జ్వరం (టిక్ ఫీవర్) తెస్తాయి. టీకాల పుస్తకం చూడనిదే లోపలికి పంపని మనిషి. ఇవి లేని చోటును కావాలంటే ‘పొడవాటి తాడుతో నడిపించవచ్చు’ అని వేరే జాబితాలో పెట్టండి. చివరికి మేమూ అదే చేస్తున్నాం. తాబేళ్లు లేని వైపు, తెల్లవారకముందు, తడి ఇసుక మీద, ముప్ఫై అడుగుల నూలు తాడు కట్టి పరుగెత్తిస్తున్నాం.

నేను కోరేవి ఇవి. మొదట, సాగర్‌నగర్ బీచ్‌ను, మధురవాడ జాగాను వెంటనే, నా డబ్బు సంగతి తేలేదాకా ఆగకుండా, జాబితాలోంచి తీసేయండి. రుషికొండ, ఆర్కే బీచ్‌లను కూడా తీసేసి, మధ్యాహ్నం ఆడించవచ్చన్న సలహాను చెరిపి, ఇప్పటికే ఆ పేజీ చూసిన చందాదారులందరికీ సందేశం పంపండి. మీ బృందం ఏ తేదీన వెళ్లిందో చెప్పలేని ప్రతి చోటు పక్కనా పచ్చ టిక్కు తొలగించండి. మా ఏడాది చందా పూర్తిగా వాపసు చేసి, జతచేసిన బిల్లుల ప్రకారం లక్కీకీ, మా ఆయనకూ అయిన వైద్య ఖర్చు చెల్లించండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ సంతకంతో రాతపూర్వకమైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన, సేవాలోపం ఆరోపణలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఫిర్యాదుదారు నివసించే చోటనే కేసు వేయవచ్చని ఆ చట్టంలోని 34వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి మీ కార్యాలయం ఎక్కడున్నా విచారణ మా ఊళ్లోనే జరుగుతుంది.

ఇట్లు,
మీ చందాదారు,
హనుమకొండ

జతపరచినవి: చందా రసీదు, మీ ప్రకటన, జాబితా పేజీల స్క్రీన్‌షాట్లు, ఆయా చోట్ల మేము తీసిన ఫోటోలు, పశువైద్యుని బిల్లు, ఆసుపత్రి టీకా చీటీ, మీ నుంచి వచ్చిన జవాబులు.