అమ్మా, నీ కాజా కుట్టు ఇక్కడ పనికొచ్చింది

డేటన్, ఒహాయో
డిసెంబరు 28

అమ్మకు,

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్ళీ ఉత్తరం ఎందుకంటావేమో. మొన్న నువ్వు అడిగినదానికి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. "పొద్దంతా ఆఫీసు పని చేసి, మళ్ళీ వారానికి మూడు సాయంత్రాలు వాళ్ళ డాన్సు బట్టలకు హుక్కులు కుట్టడమేంటే?" అన్నావు. ఇటు పాప గోల, అటు నీ కుక్కరు విజిలు. ఏదో చెప్పి పెట్టేశాను. కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. తీరిగ్గా రాస్తున్నాను, నాన్నకు కూడా చదివి వినిపించు.

పాప ఎలుక వేషం వేసిన సంగతి తెలుసు కదా. 'నట్‌క్రాకర్' అనే బ్యాలే, అంటే వేళ్ళ చివర నిలబడి ఆడే వీళ్ళ డాన్సు నాటకం. క్రిస్మస్ ముందు రోజు రాత్రి కల గన్న ఓ చిన్నపిల్ల కథ. సంగీతం రష్యా ఆయన, చైకోవ్‌స్కీది. మొదట 1892లో రష్యాలో ఆడారు. ఇప్పుడు అమెరికాలో బ్యాలే కంపెనీ ఉన్న దాదాపు ప్రతి ఊళ్ళోనూ డిసెంబరు వచ్చిందంటే ఇదే. మనకు శ్రీరామనవమికి పందిట్లో నాటకం ఎలాగో వీళ్ళకు ఇది అలాగ. ఇక్కడ ఆడేది డేటన్ బ్యాలే.

సెప్టెంబరులో పాపకు కొలతలు తీసుకోవడానికి పిలిచారు. ఎలుక కాస్ట్యూమ్ తెచ్చి నా చేతిలో పెట్టారు. బూడిద రంగు, వెనకాల పొడుగు తోక. పాపకు తొడుగుదామని తిప్పి చూస్తే మెడ దగ్గర లోపలి వైపు ఒక తెల్ల టేపు కుట్టి ఉంది. దాని మీద ఇంకుతో రాసిన పేర్లు. ఒక పేరు కొట్టేసి కింద ఇంకోటి, అదీ కొట్టేసి ఇంకోటి. కొన్ని ఉతికి ఉతికి వెలిసిపోయాయి. ఏడు లెక్కపెట్టాను. అందులో మొదటి పిల్లకు ఇప్పుడు పెళ్ళయి పిల్లలు కూడా ఉన్నారని అక్కడున్న పెద్దావిడ చెప్పింది. ఆవిడే కాస్ట్యూములు చూసుకునే మనిషి. నా చేతికే పెన్ను ఇచ్చింది. ఎనిమిదో పేరు మన పాపది, నేనే రాశాను అమ్మా. ఈ ఊరు వచ్చి ఆరేళ్ళయింది. ఇల్లు కొన్నప్పుడు కూడా నాకు అలా అనిపించలేదు.

అదే రోజు ఒక హుక్కు ఊడి వేలాడుతోంది. బ్యాగులో సూదీ దారం ఉన్నాయి, నీ అలవాటే కదా నాకూ వచ్చింది. కూర్చుని కుట్టేశాను. ఎదురుగా కాజా లేదు, దారంతోనే కట్టి, దాని చుట్టూ నువ్వు నేర్పినట్టు ముడి కుట్టు వేశాను. పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి తీసుకుని చూసింది. "ఇది ఎవరు నేర్పారు?" అంది. మా అమ్మ అని చెప్పాను. "మంగళవారం రాగలవా?" అంది. అంతే, నా జవాబు అక్కడ మొదలైంది.

ఆ బట్టల గది చూస్తే నీకు ఇల్లులా ఉంటుంది. ఈ కాస్ట్యూములకు జిప్పులు పెట్టరు. స్టేజి మీద జిప్పు పాడైతే బట్ట మొత్తం విడిపోతుంది. హుక్కయితే ఒకటి ఊడినా మిగతావి పట్టి ఉంచుతాయి. ఒక్కో పైముక్కకు వెనకాల రెండు మూడు వరుసల కాజాలు ఉంటాయి. ఈ ఏడాది సన్నగా ఉన్న అమ్మాయికి లోపలి వరుస, వచ్చే ఏడాది ఇంకో అమ్మాయికి బయటి వరుస. జాకెట్టు కుట్టేటప్పుడు నువ్వు లోపల గుడ్డ వదిలేదానివి కదా, "రేపు ఒళ్ళొస్తే విప్పుకుంటారు" అని. అచ్చం అదే లెక్క. కొత్తది కుట్టించే స్తోమత ఉండదు కాబట్టి ఉన్నదాన్నే ఇరవై ఏళ్ళు కాపాడుకుంటారు.

స్తోమత మాట ఎందుకన్నానంటే, ఈ ఊరి సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. విమానం కనిపెట్టిన రైట్ సోదరుల ఊరు అని మాత్రం చెప్పాను. వాళ్ళ సైకిల్ షాపు ఇక్కడే. ఒకప్పుడు ఫ్యాక్టరీలతో కళకళలాడిన ఊరు. 1960లో ఇక్కడ 2,62,000 మంది ఉండేవాళ్ళట, 2020 జనాభా లెక్కల్లో 1,37,000 చిల్లర. పక్కనే మొరైన్‌లో జనరల్ మోటార్స్ ట్రక్కుల ఫ్యాక్టరీ 2008లో క్రిస్మస్‌కు సరిగ్గా రెండు రోజుల ముందు మూసేశారు. మరుసటి ఏడాది, క్యాష్ రిజిస్టర్లు తయారుచేసిన ఎన్‌సీఆర్ కంపెనీ, 1884 నుంచీ ఇక్కడే ఉన్నది, హెడ్డాఫీసు జార్జియాకు మార్చేసింది. నాతోపాటు హుక్కులు కుట్టే ఒకాయన ఆ ట్రక్కుల ఫ్యాక్టరీలో పని చేసినవాడే. మగాళ్ళు కూడా కుడతారు ఇక్కడ. ఆయన మనవరాలు నాలుగేళ్ళ కిందట ఎలుక వేసిందట. ఆ పిల్ల డాన్సు మానేసింది, తాత మానలేదు.

ఇంత దెబ్బ తిన్న ఊళ్ళో బ్యాలే ఎలా నిలబడిందా అని నాకు ఆశ్చర్యం. ష్వార్జ్ అక్కచెల్లెళ్ళు ఇద్దరు, హెర్మీన్, జోసెఫిన్, 1927లో ఇక్కడ డాన్సు స్కూలు పెట్టారు. 1937లో తమ దగ్గర నేర్చుకునే పిల్లలతోనే చిన్న బృందం కట్టారు. అదే ఇవాళ్టి డేటన్ బ్యాలే. అమెరికాలో పెద్ద నగరాలను వదిలేసి చూస్తే, ఊరి బ్యాలే కంపెనీల్లో అట్లాంటా వాళ్ళది మొదటిది, 1929లో. రెండోది ఇదే అంటారు. జోసెఫిన్ నూరేళ్ళకు దగ్గరగా బతికింది, 2004 దాకా.

వాళ్ళ గురించి విన్నవాటిలో నాకు బాగా నచ్చింది ఇది. ఆ రోజుల్లో నల్లజాతి పిల్లలను తెల్లవాళ్ళ డాన్సు స్కూళ్ళలో చేర్చుకునేవారు కాదు. కొందరు తల్లులు వచ్చి మా పిల్లలకూ నేర్పండి అని అడిగారు. అక్కచెల్లెళ్ళు లిండెన్ సెంటర్ అని వాళ్ళ పేటలో ఉన్న చోటుకు వెళ్ళి క్లాసులు చెప్పారు. అక్కడ నేర్చుకున్న పిల్ల జెరల్డిన్ బ్లండెన్. పంతొమ్మిదేళ్ళకే ఆ క్లాసులు ఆ అమ్మాయికి అప్పగించారు. ఆవిడే 1968లో డేటన్ కాంటెంపరరీ డాన్స్ కంపెనీ పెట్టింది, 1994లో మెకార్థర్ ఫెలోషిప్ అందుకుంది, అమెరికాలో అది చాలా పెద్ద గౌరవం. పుట్టిల్లు ఒకటి, దాన్నుంచి ఇంకో ఇల్లు. ఇంత చిన్న ఊళ్ళో రెండూ ఇవాళ్టికీ నడుస్తున్నాయి. ఆ తల్లులు వెళ్ళి అడగకపోతే? నాకు ఈ ఆలోచన తరచూ వస్తుంది. అడగడానికి ఎంత ధైర్యం కావాలో మనకు తెలుసు కదా. మా అమ్మాయిని క్లాసులో చేర్చుకోండి, ఫీజు నెలనెలా ఇస్తాను అని నువ్వు డాన్సు మాస్టారిగారి గుమ్మం దగ్గర నిలబడి అడిగిన రోజు నాకు గుర్తుంది.

డబ్బు మాత్రం ఎప్పుడూ కటకటే. 2012లో బ్యాలే, ఒపెరా అనే పాటల నాటకాల బృందం, ఆర్కెస్ట్రా మూడూ విడివిడిగా బతకలేమని ఒకే సంస్థగా కలిసిపోయాయి. అన్నదమ్ములు వేరు పడటం చూశాం గానీ, వేరుగా ఉన్నవాళ్ళు ఒకే పొయ్యి పెట్టుకోవడం ఎక్కడ చూశాం చెప్పు. దానివల్ల పాపకు ఒక అదృష్టం దక్కింది, రికార్డు పాటకు కాకుండా ఎదురుగా వాయిస్తున్న ఆర్కెస్ట్రాకు ఆడింది. చాలా చిన్న ఊళ్ళల్లో పిల్లలకు అది దొరకదు.

న్యూయార్క్‌లో పెద్ద కంపెనీలో డాన్సర్లు తొంభై మంది దాకా ఉంటారు. ఇక్కడ అందులో నాలుగో వంతు కూడా ఉండరు. ఇలాంటి చిన్న కంపెనీల్లో పన్నెండు నెలలూ జీతం రాదు. సెలవుల్లో క్లాసులు చెప్పుకుంటూ, కాఫీ షాపుల్లో పని చేస్తూ లాక్కొస్తారు. ఏడాది గ్రాసం చాలావరకు ఈ నట్‌క్రాకర్ టిక్కెట్ల నుంచే. స్టేజి మీద ఊరి పిల్లలు ఉంటే ఒక్కో పిల్ల కోసం అమ్మమ్మ, తాతయ్య, పక్కింటివాళ్ళు, స్కూలు టీచరు వస్తారు. మా ఒక్క ఎలుక కోసం పదిహేడు మంది వచ్చారు, అందులో మన తెలుగువాళ్ళవి నాలుగు కుటుంబాలు. వాళ్ళు ఆరేడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా ఆ హాల్లో అడుగుపెట్టడం అదే మొదలు. నువ్వు చిన్నప్పుడు తెనాలిలో చూసిన సురభి నాటకాల్లో ఇంటిల్లిపాదీ వేషం కట్టేవాళ్ళని చెప్పేదానివి. ఇక్కడ ఇల్లు బదులు ఊరు అనుకో.

నువ్వు అడిగిన ఇంకో ప్రశ్న, వేళ్ళ చివర నిలబడితే విరగవా అని. ఆ బూటు చేతిలోకి తీసుకుని చూశాను. పైన గులాబీ రంగు శాటిన్. లోపల వేళ్ళు ఉండే చోట గుడ్డ, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అతికించి ఆరబెడతారు, కొండపల్లి బొమ్మ అంత గట్టిగా ఉంటుంది. పాదం కింద గట్టి అట్ట. జత వంద డాలర్ల పైమాటే. ముఖ్య పాత్ర వేసే అమ్మాయికి ఒక్కో షోకే ఒక జత మెత్తబడిపోతుంది. కొత్త బూటు తెచ్చుకోగానే నేలకేసి కొడతారు, చప్పుడు తగ్గాలని. రిబ్బన్లు ఎవరికి వాళ్ళే కుట్టుకుంటారు, ఇంకొకరిని ముట్టనివ్వరు. పాపకు అది ఇప్పట్లో రాదులే, టెన్షన్ పడకు. పాదం ఎముకలు గట్టిపడి, ఒంట్లో బలం వచ్చాకే ఇస్తారు, పదకొండో పన్నెండో ఏట.

షో షుస్టర్ సెంటర్‌లో. 2,300 సీట్లు. పైకప్పు నిండా చిన్న చిన్న దీపాల చుక్కలు. రైట్ సోదరులు ఎగరడానికి ముందు రాత్రి, 1903 డిసెంబరు 16న, డేటన్ మీద ఆకాశం ఎలా ఉందో అలాగే పెట్టారట. రిహార్సల్ నాడు ఖాళీ హాల్లో కూర్చుని తల పైకెత్తి చాలాసేపు చూశాను.

షో రోజు మాత్రం నేను ముందు కూర్చోలేదు, పక్క తెర వెనుక ఉన్నాను. మంచు సీను ఉంటుంది. పైనుంచి కాగితపు మంచు రాలుతుంది, కింద అమ్మాయిలు తెల్ల బట్టల్లో చక్రాల్లా తిరుగుతారు. ముందు నుంచి చూస్తే స్వర్గం. పక్క నుంచి నాకు వాళ్ళ ఊపిరి వినిపించింది. నవ్వుతూ మా వైపు దూకి, తెర దాటగానే నడుము మీద చేతులు పెట్టుకుని వంగిపోయి, మళ్ళీ ఎనిమిది లెక్కపెట్టుకుని నవ్వుతూ వెళ్ళిపోతారు. ఒక అమ్మాయి వచ్చి నా ముందు వీపు తిప్పి నిలబడింది. హుక్కు ఊడింది. కుట్టే టైము లేదు. సేఫ్టీ పిన్ను పెట్టాను, నా చేతులు వణికాయి. ఆ అమ్మాయి వీపు చెమటతో తడిసి, పొయ్యి దగ్గర గోడంత వేడిగా ఉంది. "థాంక్యూ" అనే టైము కూడా లేదు, వెళ్ళిపోయింది.

సీను అయ్యాక అందరం చీపుర్లు పట్టాం, ఆ కాగితపు మంచునే మళ్ళీ వాడాలి కదా. ఆ కాగితాల్లో జుట్టు పిన్నులు పడి ఉంటాయి. వాటిని అయస్కాంతంతో ఏరకపోతే రేపు కాళ్ళలో గుచ్చుకుంటాయి, మంచుతోపాటు పైకెక్కి నెత్తిన కూడా పడతాయి. ట్రక్కుల ఫ్యాక్టరీ తాతగారు కర్రకు కట్టిన అయస్కాంతం నేల మీద తిప్పుతుంటే టిక్కు టిక్కుమని పిన్నులు అతుక్కుంటున్నాయి. ఇరవై మూడు దొరికాయి. నేను ఊడ్చాను.

పాప మూడు షోలు చేసింది. రెండోదాంట్లో తోక తొక్కుకుని పడింది, లేచి పరిగెత్తింది. ఇంటికొచ్చాక "వచ్చే ఏడాది నా పేరు కొట్టేస్తారా?" అని అడిగింది. పొడుగైతే కొట్టేస్తారు అన్నాను. నిన్నటి నుంచి తలుపు దగ్గర నిలబడి ఎత్తు కొలుచుకుంటోంది.

జనవరిలో బట్టలన్నీ విప్పి బాగు చేయాలి. సైనికుల కోట్లు ఎర్రవి, ముప్ఫై దాకా ఉన్నాయి. కాజాలన్నీ అరిగిపోయాయి. దారం కాజాకు నేను వేసే ముడి మూడు షోలకే వదులైంది, నీది జాకెట్టు చిరిగినా ఊడేది కాదు. మొదటి పోగులు ఎన్ని వేస్తావు, ఎక్కడ తిప్పుతావు? ఆదివారం మీకు పొద్దున్న ఎనిమిదింటికి వీడియో చేస్తాను. ముదురు రంగు గుడ్డ మీద లేతరంగు దారంతో చూపించు, అప్పుడైతే కుట్టు కనబడుతుంది. నాన్నను ఫోను కదలకుండా పట్టుకోమను.

నీ
చిన్నమ్మాయి