పోలండ్ ఓడల సెట్ గురించి: తప్పు నాదే

అందరికీ నమస్కారం. పోయిన నెల మన షాపు లిస్టులో పెట్టిన పోలండ్ యుద్ధనౌకల స్టాంపులు పదకొండు మంది తీసుకున్నారు. 1970లో వచ్చిన మూడు స్టాంపుల సెట్ అది: పియోరున్, ఓజెవ్, గార్లాండ్. కింద నేను "పోలండ్ సొంతంగా కట్టుకున్న నౌకలు, మింట్" అని రాశాను. ఉన్నదే ఒక్క లైను, అందులో రెండు తప్పులు.

డబ్బు సంగతి ముందు. అవి మింట్ (ముద్ర పడని కొత్తవి) కావు, సీటీఓ (క్యాన్సిల్డ్ టు ఆర్డర్). అంటే కలెక్టర్లకు అమ్మడానికి పోస్టల్ శాఖే ముద్ర కొట్టేసినవి. ఉత్తరం మీదకు ఎక్కవు కాబట్టి వెనక జిగురు అలాగే ఉంటుంది. నేను ఆ జిగురు చూసి మురిసిపోయి, మూలనున్న ముద్రను వదిలేశాను. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తూ ఇలా చేసినందుకు సిగ్గుగా ఉంది. సెట్ 120కి ఇచ్చాను, సీటీఓకి 50 చాలు. తేడా 70 ఈ వారంలో మీ ఫోన్‌పేకి వేస్తాను. అసలు సెట్టే వద్దంటే పంపేయండి, పోస్టేజీతో సహా మొత్తం ఇస్తాను.

రెండో తప్పు పట్టుకున్నది నేవీలో రిటైరైన ఒక కస్టమరు. "ఏమండీ, పియోరున్ క్లైడ్‌బ్యాంక్‌ది కదా, మన పాత రాజ్‌పుత్ యుద్ధనౌక పుట్టిన యార్డే" అన్నారు ఫోన్లో. పుస్తకాలు తీసి చూస్తే, మూడింటిలో ఒక్కటీ పోలండ్‌లో కట్టింది కాదు!

పియోరున్ అంటే పిడుగు. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఊళ్లో ఉన్న జాన్ బ్రౌన్ యార్డులో బ్రిటిష్ నేవీకని నెరిస్సా పేరుతో కట్టిన డిస్ట్రాయరు, 1940 నవంబరులో పోలిష్ నావికుల చేతికొచ్చింది. 1941 మార్చిలో జర్మన్ విమానాలు క్లైడ్‌బ్యాంక్ మీద రెండు రాత్రులు బాంబులు కురిపించాయి. అప్పుడు రిపేరుకని అదే యార్డులో ఉన్న ఈ ఓడ విమానాల మీదకు కాల్పులు జరిపింది. పుట్టింటికి కాపలా కాసిందన్నమాట. మే 26 రాత్రి అట్లాంటిక్‌లో జర్మన్ల భారీ యుద్ధనౌక బిస్మార్క్ ఎదురైతే, కెప్టెన్ ప్లావ్‌స్కీ వెనక్కి తిప్పలేదు. దాని ఫిరంగులు 15 అంగుళాలవి, దీనివి 4.7. అయినా దాదాపు గంటసేపు కాల్పుల్లో నిలిచి, దెబ్బ తగలకుండా బయటపడ్డాడు. 1946లో ఓడ మళ్లీ బ్రిటన్‌కి వెళ్లి నోబుల్ అయింది, 1955లో తుక్కుకి పోయింది.

గార్లాండ్‌ కూడా బ్రిటిష్ వాళ్లిచ్చిందే. 1942 మేలో రష్యా వెళ్లే సరుకు ఓడలకు కాపలాగా పోయి, విమాన దాడిలో 25 మందిని పోగొట్టుకుంది. తర్వాత డచ్ నేవీకి పోయి మూడో జెండా కింద పనిచేసింది. ఓజెవ్ సబ్‌మెరైను మాత్రం పోలండ్ జనం చందాలేసుకుని డచ్ యార్డులో కట్టించుకున్నది. లండన్‌లోని పోలండ్ ప్రవాస ప్రభుత్వం కింద పోరాడిన ఓడలను, వార్సాలోని కమ్యూనిస్టు ప్రభుత్వం స్టాంపులకెక్కించడం నాకైతే భలే తమాషాగా ఉంటుంది.

రాజ్‌పుత్ సంగతీ చెప్పేస్తాను. అదీ బ్రిటన్ యుద్ధకాలపు డిస్ట్రాయరే, రాథర్‌హామ్‌ పేరుతో 1942లో నీళ్లలోకి దిగి 1949లో మనకొచ్చింది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైను ఘాజీ మునిగిన రాత్రి మన విశాఖ తీరంలో డెప్త్ చార్జీలు (నీళ్ల లోపల పేలే బాంబులు) వేసిన ఓడ అదే. ఇది చెప్పగానే "దాని స్టాంపుందా" అని ముగ్గురు అడిగారు. నా దగ్గర లేదు.

కొత్త లిస్టు ఆదివారం వస్తుంది. ఇక నుంచి ప్రతి స్టాంపుకూ ముందు, వెనక రెండు ఫొటోలూ పెడతాను.