చిప్‌ల చర్చలో క్లాక్‌లకూ చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

సెమీకండక్టర్ పరిశ్రమ గురించి మీ పత్రికలో వస్తున్న వార్తలనూ వ్యాసాలనూ శ్రద్ధగా చదువుతున్నాను. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 76,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించినప్పటి నుంచి చర్చ ఎక్కువగా కర్మాగారాలు, పెట్టుబడులు, ఉద్యోగాల చుట్టూనే తిరుగుతోంది. తయారైన చిప్ బోర్డు మీదికి చేరాక దాన్ని నడిపించవలసిన ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ (హార్డ్‌వేర్‌ను అదుపుచేసే మూల ప్రోగ్రాం) ఊసు, అందులోనూ హార్డ్‌వేర్ క్లాక్‌ల (చిప్‌లోని భాగాలు ఏ వేగంతో పనిచేయాలో చెప్పే సంకేతాల) నిర్వహణ ఊసు ఎక్కడా కనిపించడం లేదు. మన ఇంజినీరింగ్ కళాశాలలు ఈ పనిని ప్రయోగశాలలో చేయించి నేర్పాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఫోన్‌లోని ఒక్క చిప్‌లోనే ప్రాసెసర్, కెమెరా, డిస్‌ప్లే, యూఎస్‌బీ, ఆడియో వంటి భాగాలు ఎన్నో ఉంటాయి, ప్రతిదానికీ తనకు తగిన వేగంలో క్లాక్ సంకేతం అందాలి. బోర్డు మీది క్రిస్టల్ ఇచ్చేది మాత్రం ఒకే పౌనఃపున్యం. చాలా బోర్డుల్లో అది 24 మెగాహెర్ట్జ్, రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో 54 మెగాహెర్ట్జ్. దాన్ని పీఎల్‌ఎల్ సర్క్యూట్లు వందల మెగాహెర్ట్జ్‌కు, అంతకు మించి కూడా పెంచుతాయి, డివైడర్లు తగ్గిస్తాయి, గేట్లు అవసరాన్ని బట్టి వదులుతాయి, ఆపుతాయి. ఆనకట్ట నుంచి పెద్ద కాలువ, దాని నుంచి పిల్ల కాలువలు సాగినట్టే ఈ అమరిక ఉంటుంది: కింద ఒక్క మడికి నీరు కావలసి ఉన్నా పై తూము మూయకూడదు, ఎవరికీ అక్కరలేనప్పుడు తెరిచి ఉంచకూడదు. అందుకే ప్రతి క్లాక్‌నూ ఎన్ని డ్రైవర్లు (ఒక్కో భాగాన్ని నడిపే ప్రోగ్రాములు) అడిగాయో కెర్నల్ లెక్క పెట్టుకుంటుంది, ఆ లెక్క సున్నాకు చేరాకే దాన్ని ఆపుతుంది.

ఈ శ్రద్ధకు కారణం విద్యుత్తు. సర్క్యూట్లు పనిచేసేటప్పుడు ఖర్చయ్యే శక్తి పౌనఃపున్యానికీ వోల్టేజి వర్గానికీ అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి, పనిలేని భాగానికి క్లాక్ అందుతూనే ఉంటే బ్యాటరీ ఊరికే కరిగిపోతుంది. ఫోన్ల సమీక్షల్లో బ్యాటరీ ఎన్ని మిల్లీయాంపియర్ అవర్లదో రాస్తారు గానీ, ఈ పొదుపు గురించి ఎవరూ రాయరు.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో ఈ పని ఒక పద్ధతికి రావడానికి చాలా కాలం పట్టింది. ఎక్కువ ఫోన్లలో ఉండే ఆర్మ్ రకం చిప్‌ల కుటుంబాలు దేనికది తన క్లాక్ కోడ్‌ను విడిగా రాసుకునేవి. డ్రైవర్లు పిలిచే ఫంక్షన్ల పేర్లు ఒకటే అయినా వాటి వెనుక ఉన్న కోడ్ వేర్వేరు కావడంతో, భిన్నమైన చిప్‌ల మీద ఒకే కెర్నల్‌ను నడపడానికి అదొక ఆటంకమయింది. ఆర్మ్ కోడ్ ఇలా చిందరవందరగా పెరగడాన్ని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2011లో బహిరంగంగానే తప్పుపట్టారు. కెర్నల్ డెవలపర్ జెరెమీ కెర్ మొదలుపెట్టిన పనిని మైక్ టర్కెట్ ముందుకు తీసుకెళ్లగా, 2012 మే నెలలో విడుదలైన 3.4 వెర్షన్‌లో అందరికీ ఉమ్మడిగా పనికొచ్చే కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్ చేరింది.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం, క్లాక్‌ను నడపడాన్ని ప్రిపేర్, ఎనేబుల్ అనే రెండు దశలుగా విడదీయడం. పీఎల్‌ఎల్ స్థిరపడడానికి కొంత సమయం కావాలి, ఆ సమయంలో పిలిచిన ప్రోగ్రాం ఆగి వేచి ఉండవలసి రావచ్చు. ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ నుంచి వచ్చే తక్షణ పిలుపు) వచ్చినప్పుడు నడిచే కోడ్ అలా ఆగే వీలు లేదు. కాబట్టి వేచి ఉండవలసిన పనిని ముందే ప్రిపేర్‌లో ముగించి, వెంటనే జరగవలసిన గేటు తెరవడాన్ని ఎనేబుల్‌కు వదిలారు. నిద్రపోవడానికి, అంటే ఆగి వేచి ఉండడానికి, వీలున్న కోడ్‌కూ, వీలులేని కోడ్‌కూ తేడా ఏమిటో విద్యార్థికి చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ జ్ఞానం లేకపోతే ఎదురయ్యే చిక్కులు చిన్నవి కావు. రాస్ప్‌బెర్రీ పై 3లో ప్రధాన సీరియల్ పోర్టును (డేటాను ఒక్కో బిట్టుగా పంపే మార్గాన్ని) బ్లూటూత్‌కు కేటాయించి, బయటి పిన్నులకు మినీ యూఆర్ట్ అనే చిన్న పోర్టును ఇచ్చారు. దాని వేగం కోర్ క్లాక్ నుంచి లెక్క కట్టినది కావడంతో, ఆ క్లాక్ మారితే ఈ పోర్టు ద్వారా తెరమీదికి వచ్చే అక్షరాలు చెదిరిపోతాయి. కోర్ క్లాక్‌ను 250 మెగాహెర్ట్జ్ వద్ద స్థిరపరిస్తే సమస్య తీరుతుంది, కానీ కారణం తెలియని విద్యార్థి వైర్లనూ కేబుళ్లనూ మారుస్తూ ప్రాజెక్టు సమయమంతా పోగొట్టుకుంటాడు.

మరొకటి ఇంకా ఆందోళన కలిగించేది. ఏ డ్రైవరూ అడగని క్లాక్‌లను కెర్నల్ బూట్ (పరికరం మొదలయ్యే ప్రక్రియ) చివరి దశలో ఆపేస్తుంది. కెర్నల్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ అనే ప్రోగ్రాం వెలిగించిన తెర, దాని క్లాక్ మాకు కావాలని ఎవరూ చెప్పకపోతే, అప్పుడు నల్లబడుతుంది. వాడని క్లాక్‌లను ఆపవద్దని చెప్పే బూట్ ఆప్షన్ ఒకటి ఉంది. లోపం ఎక్కడుందో వెతకడానికి అది పనికొస్తుంది. దాన్నే పరిష్కారమనుకుని వస్తువులో ఉంచి పంపితే, అక్కరలేని క్లాక్‌లన్నీ వినియోగదారుడి ఖర్చు మీద నడుస్తూ ఉంటాయి.

మన ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠ్యాంశాల్లో ప్రాసెస్ షెడ్యూలింగ్, డెడ్‌లాక్, పేజింగ్ ఉంటాయి. వీఎల్‌ఎస్‌ఐ (చిప్ రూపకల్పన) చదివేవారు క్లాక్ వృక్షాన్ని సిలికాన్ వైపు నుంచి నేర్చుకుంటారు. ఈ రెండింటినీ కలిపే పని మధ్యలో ఎవరికీ చెందకుండా ఉండిపోయింది. లినక్స్ నడిచే సాధారణ బోర్డు ఒక్కటి ఉన్నా చాలు: కెర్నల్ చూపే క్లాక్‌ల పట్టిక తీసి, క్రిస్టల్ నుంచి సీరియల్ పోర్టు దాకా ఒక దారిని గుర్తించమనవచ్చు; ఒక గేటును తెరిచి మూసే చిన్న డ్రైవర్ రాయించవచ్చు; దాన్ని మూసినప్పుడు కరెంటు ఎంత తగ్గిందో మీటరుతో కొలిపించవచ్చు. ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్లను, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వేగా ప్రాసెసర్లను రూపొందించాయి. అలాంటి ప్రాసెసర్‌తో పూర్తి స్థాయి చిప్ తయారుచేసి లినక్స్ నడపాలంటే దాని క్లాక్ డ్రైవర్లను ఎవరో ఒకరు రాయక తప్పదు. హైదరాబాద్‌లోని చిప్ సంస్థల కార్యాలయాలకూ ఈ పని తెలిసినవారి అవసరం ఉంది.

పాఠ్యప్రణాళికల సవరణ గురించి మీ విద్యా పుటలో చర్చ జరిగేటప్పుడు, ఈ అంశం మీద అధ్యాపకులూ పరిశ్రమలో పనిచేస్తున్నవారూ తమ అభిప్రాయాలు రాసేందుకు చోటు కల్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్