పార్శిల్ ఎక్కడ అందుకోవాలో కొనేవారే చెప్పాలి

సంపాదకులకు,

ఆన్‌లైన్ కొనుగోళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా డెలివరీ ఎంత త్వరగా జరుగుతోందన్న దాని మీదే చర్చ సాగుతోంది గానీ, పార్శిల్ ఎక్కడ, ఏ వేళకు అందుకోవాలో నిర్ణయించుకునే వీలు కొనేవారికి ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టడం లేదు. పగలంతా ఉద్యోగంలో ఉండేవారి ఇంటికి పగటిపూటే పార్శిల్ తెస్తే తలుపుకు తాళమే కనిపిస్తుంది. పక్కింట్లో ఇవ్వమంటే ఓటీపీ అడ్డు వస్తుంది. రెండు మూడు ప్రయత్నాల తర్వాత ‘చిరునామాదారు అందుబాటులో లేరు’ అన్న నమోదుతో ఆ పార్శిల్ వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

ఆ తిరుగు ప్రయాణం ఖర్చును పెద్ద సంస్థలు తట్టుకోగలవు. ఇంట్లో ఒక గదిలో సరుకు పెట్టుకుని అమ్ముకునేవారు మాత్రం తరచూ రానుపోను రవాణా ఛార్జీలు రెండూ భరించాల్సి వస్తోంది. పైగా పెట్టె నలిగి తిరిగొచ్చిన సరుకును కొత్తదిగా మళ్లీ అమ్మలేరు. ఛార్జీ కూడా అసలు బరువును బట్టే పడదు. చాలా కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిన అంకెను కిలోల బరువుగా లెక్కిస్తాయి. ఆ లెక్కన 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెలో కిలో సరుకే ఉన్నా 4.8 కిలోలకు చెల్లించాలి. అలాంటి పెట్టె ఒక్కటి తిరిగొస్తే నాలుగైదు అమ్మకాల లాభం తుడిచిపెట్టుకుపోవచ్చు.

ఇందుకు పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సినది కాదు. జర్మనీలో డీహెచ్‌ఎల్ సంస్థ 2001లోనే ‘ప్యాక్‌స్టేషన్’ పేరిట పార్శిల్ లాకర్లను, అంటే పార్శిళ్లు ఉంచే తాళం అరల బీరువాలను, ప్రారంభించింది. పోలండ్‌లో ఇన్‌పోస్ట్ అనే సంస్థ లాకర్లు జనానికి బాగా అలవాటయ్యాయి. ఫోన్‌కు వచ్చిన కోడ్ నొక్కితే ఆ పార్శిల్ ఉన్న అరకున్న తలుపు మాత్రమే తెరుచుకుంటుంది కాబట్టి, ఆరుబయట పెట్టిన లాకరైతే రాత్రి పదింటికైనా వెళ్లి తీసుకోవచ్చు. కొరియర్ ఉద్యోగికీ ఇంటింటికీ తిరిగే పని తప్పి, ఒక్కచోటే అనేక పార్శిళ్లు అప్పగించడం వీలవుతుంది. అయితే ఒక్కో సంస్థ తన లాకరు తాను పెట్టుకుని ఇతరులను రానివ్వకపోతే ఈ ప్రయోజనం సగమే దక్కుతుంది. లాకర్లు అన్ని కొరియర్లకూ ఉమ్మడిగా ఉండాలి. పార్శిల్‌ను ఇంటికి తెప్పించుకోవాలా, లాకరులోనా, దగ్గరి దుకాణంలోనా అన్నది ఆర్డరు పెట్టేటప్పుడే అడగాలి. నడవలేనివారికి, పెద్ద సామాను కొన్నవారికి ఇంటి డెలివరీ తప్పనిసరి గనుక, లాకర్ల సాకుతో దాన్ని తగ్గించడం గానీ అదనపు రుసుము వేయడం గానీ అన్యాయం. చక్రాల కుర్చీలో వచ్చేవారికి పై అర అందదన్న సంగతి కూడా ముందే గుర్తుంచుకోవాలి.

చిన్న వ్యాపారులకు పార్శిల్ అందుకోవడం కన్నా అప్పగించడమే పెద్ద సమస్య. ఒకటి రెండు పార్శిళ్ల కోసం పికప్ మనిషి ఎప్పుడొస్తాడో తెలియక రోజంతా ఇల్లు కదలకుండా కూర్చోవాల్సి వస్తుంది. అవే లాకర్లలో, అవే దుకాణాల్లో పార్శిళ్లు ఇచ్చి వెళ్లే ఏర్పాటు ఉంటే ఆ నిరీక్షణ తప్పుతుంది. కానీ ఇచ్చిన క్షణంలోనే స్కాన్ చేసి రసీదు ఇవ్వాలి. మర్నాడు గోదాములో స్కాన్ అయ్యేదాకా పార్శిల్ బాధ్యత ఎవరిదో తేలకపోతే, ఈ మధ్యలో అది కనబడకుండా పోయినప్పుడు నష్టపోయేది అమ్మినవారే. అప్పగించిన సమయం నుంచే కొరియర్ సంస్థ బాధ్యత మొదలవుతుందని రసీదు మీదే స్పష్టంగా ముద్రించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు