బెజ్జం కూడా వాలుగానే వేయాలని రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఒకే చెక్క పలక నుంచి స్క్రోల్ సా మెషిన్ (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే కరెంటు రంపం) మీద గిన్నె ఎలా చేయాలో మీ ఆదివారం అనుబంధంలో చదివాను. తెలుగు పేపర్లో ఇలాంటి పనికి అరపేజీ ఇచ్చినందుకు నిజంగా సంతోషం. కానీ పని చెడేది ఎక్కడో సరిగ్గా అక్కడే ఒక్క వాక్యంతో దాటేశారు. లోపల బెజ్జం వేసి బ్లేడు దూర్చి కోయమన్నారు, అంతే. ఆ బెజ్జం ఎంత వాలులో ఉండాలో, ఎటు వాలాలో ఒక్క మాట లేదు. ఆ వ్యాసాన్ని నమ్మి ఎవరైనా నిలువుగా బెజ్జం వేస్తే మంచి టేకు పలక పాడైపోతుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ గిన్నె కిటుకంతా వాలులోనే ఉంది. మెషిన్ బల్లని ఒక పక్కకి వంచి పలకని రింగులుగా కోస్తాం. ప్రతి రింగు గోడా కిందికి పోయేకొద్దీ లోపలికి వాలుతుంది కాబట్టి వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చి అంటిస్తే గిన్నె అవుతుంది. ఏటికొప్పాక పనివాళ్లలా లేత్ (కర్రని గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తీస్తే లోపలి కర్రంతా పొట్టుగా రాలుతుంది, ఇక్కడ ఆ లోపలి కర్రే కింది రింగులవుతుంది. చిన్న పలక ముక్కతో పని జరిగిపోతుందన్నమాట. వాలు ఎంతన్నది పలక మందాన్ని బట్టి, రింగు వెడల్పుని బట్టి ఉంటుంది. 18 మి.మీ. పలకలో 6 మి.మీ. రింగు కావాలంటే టాన్ లెక్క ప్రకారం 18 డిగ్రీల పైచిలుకు వస్తుంది, బ్లేడు తినేసే మందం కూడా కలుపుకుంటే 20 డిగ్రీలు పెట్టుకోవాలి. అదే 12 మి.మీ. పలకైతే 29 దగ్గరికి పోతుంది. పదో తరగతి పిల్లలకి త్రికోణమితి ఎందుకో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇప్పుడు బెజ్జం సంగతి. బయటి గుండ్రం 20 డిగ్రీల వాలులో కోశాక, 6 మి.మీ. లోపలికి గీసిన గీత మీద నిలువుగా బెజ్జం వేశారనుకోండి. కింద గోడ లోపలికి వాలి ఉంది కదా, డ్రిల్లు బిట్టు నేరుగా ఆ గోడలోనే దిగి, అడుగుకి ఒకటి రెండు మి.మీ. పైన బయటికి పొడుచుకొస్తుంది. రింగుకి బయట చిల్లు పడ్డట్టే, శాండ్ పేపర్ ఎంత రుద్దినా అది పోదు. ఇక వాలుగా వేసినా దిశ తప్పితే ఇంకా ఘోరం, గోడ సగం ఎత్తులోనే చిల్లు బయటపడుతుంది. పైగా రంపం ఒక వాలులో, బెజ్జం ఇంకో వాలులో ఉంటే సన్నటి బెజ్జంలోంచి బ్లేడు తిన్నగా రాదు, వంగిపోయి టెన్షన్ బిగించేసరికి పుటుక్కున తెగుతుంది.

కాబట్టి బల్ల ఎన్ని డిగ్రీలు వంచారో బెజ్జం కూడా అన్నే డిగ్రీలు ఉండాలి, బెజ్జం కింది కొస పలక మధ్యబిందువు వైపు పోవాలి. దీనికి ఖరీదైన సామానేం అక్కర్లేదు. 100 మి.మీ. పొడవుకి 36 మి.మీ. ఎత్తు లేచే వాలు దిమ్మ ఒకటి కోసుకుంటే అదే 20 డిగ్రీలు. స్టాండు డ్రిల్లు కింద దాన్ని పెట్టి, పలకని మధ్యబిందువు పల్లం వైపు, బెజ్జం గుర్తు ఎత్తు వైపు వచ్చేలా పెట్టి క్లాంపు బిగించాలి. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం మీరు లావు అక్షరాల్లో వేసినా తప్పు లేదు. చేతి డ్రిల్లే ఉన్నవాళ్లు అదే కోణంలో అంచు కోసిన చిన్న చెక్కముక్కని గుర్తు పక్కన నిలబెట్టి, బిట్టుని ఆ అంచు వెంబడే దించితే సరిపోతుంది.

సన్నటి బిట్టు వాలు మీద జారుతుంది, అందుకని ముందు మేకు మొనతో గుంట పెట్టుకోవాలి. మామూలు 1.5 మి.మీ. బిట్టు మొత్తం పొడవే 40 మి.మీ., చక్‌లోకి (డ్రిల్లులో బిట్టుని పట్టి ఉంచే భాగం) పోయింది పోగా మిగిలింది తక్కువ. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, వాలు వల్ల పలక ఎత్తు వైపు చక్‌కి తగులుతుంది, కొంచెం ఎక్కువ పొడవు బయటికి వదలకపోతే బెజ్జం పూర్తికాదు, మరీ వదిలితే బిట్టు ఊగుతుంది. కొద్దికొద్దిగా దించుతూ పైకి తీసి పొట్టు రాలుస్తూ పోవాలి. పలకకీ దిమ్మకీ మధ్య ఒక పనికిరాని చెక్క పెడితే అడుగున పేళ్లు లేవవు. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి.

కోసేటప్పుడు కూడా అదే వరస. బల్ల ఎడమ పక్క కిందికి దించితే కోత గడియారం ముల్లు తిరిగే వైపు సాగాలి, ఎదురు తిరిగితే రింగులు తలకిందుల వాలుతో వస్తాయి.

అన్ని పనులకీ ఇంత పట్టింపు ఉండదని కూడా చెప్పాలి. ఒక చెక్కలో ఇంకో రంగు చెక్క పొదిగే పనిలో వాలు రెండు మూడు డిగ్రీలే, 6 మి.మీ. పలకలో అడుగుకి వచ్చే తేడా 0.3 మి.మీ., బెజ్జం ఒక పిసరు పెద్దదైతే నిలువుగా వేసినా నడిచిపోతుంది.

మెషిన్ కొనబోయేవాళ్లకి ఒక మాట. పిన్ బ్లేడు (రెండు కొసల్లో అడ్డంగా చిన్న పిన్ ఉండే బ్లేడు) మాత్రమే పట్టే మెషిన్లు చవకగా దొరుకుతాయి కానీ ఆ పిన్ దూరాలంటే చాలా పెద్ద బెజ్జం కావాలి, 6 మి.మీ. గోడ ఉన్న గిన్నెకి అది పనికిరాదు. పిన్ లేని బ్లేడు పట్టేది చూసుకోండి.

వచ్చే అనుబంధంలో పలక మందం, రింగు వెడల్పు, డిగ్రీలు ఉన్న చిన్న పట్టిక ఒకటి, దిమ్మ మీద పలక ఎలా కూర్చుంటుందో పక్క నుంచి గీసిన బొమ్మ ఒకటి వేయండి. ఫొటోలో వాలు తెలియదు, గీసిన బొమ్మే కావాలి.

– ఒక పాఠకుడు, తణుకు