పండగ సందేశం ఎవరికి వెళ్లాలి?

సంపాదకులకు నమస్కారం.

దసరా దగ్గరపడగానే బట్టల, నగల దుకాణాల నుంచి ఫోన్లకు వచ్చిపడే ప్రచార సందేశాలతో జనం విసుగెత్తిపోతున్నారు. కస్టమర్ల జాబితాలు చూసే ఉద్యోగంలో ఉన్నవాడిగా, ఈ బెడదకు కారణం చాలాసార్లు మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి తయారుచేసి దాచుకున్న ఎంపిక టెంప్లేటేనని చెప్పదలిచాను.

ఎవరికి సందేశం పంపాలో తేల్చే షరతులన్నీ ఒకచోట భద్రపరిస్తే, ప్రతి పండక్కీ మొదటి నుంచి వడపోసే శ్రమ తప్పుతుంది. అయితే అందులో దొర్లిన తప్పు కూడా ప్రతి పండక్కీ తిరిగొస్తుంది. ‘విజయవాడ లేదా గుంటూరు వారై, సందేశాలకు అంగీకరించినవారు’ అన్న షరతునే తీసుకోండి. ఊళ్లు రెండింటినీ బ్రాకెట్లలో పెట్టకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు ‘లేదా’ కన్నా ముందు, ఊరినీ అంగీకారాన్నీ కలిపే ‘మరియు’ను లెక్కించి, అంగీకారాన్ని గుంటూరుకే వర్తింపజేస్తాయి, విజయవాడలో మాత్రం వద్దన్నవారికి కూడా సందేశం వెళ్లిపోతుంది. తేదీల విషయమూ అంతే. ‘2023 జనవరి 1 తర్వాత కొన్నవారు’ అని రాస్తే, ఏళ్ల తరబడి దుకాణం గడప తొక్కనివారు కూడా జాబితాలోనే ఉండిపోతారు. ‘గత 12 నెలల్లో కొన్నవారు’ అంటే జాబితా తనంతట తానే మారుతుంది. వాడకం ఆగిన మొబైల్ నంబరు 90 రోజుల తర్వాత వేరొకరికి దక్కవచ్చు కనుక, ఈ తేడా చిన్నదేమీ కాదు. (టెంప్లేటు రాసిన కుర్రవాడు ఉద్యోగం మానేశాక ‘కొత్తది ఫైనల్ 2’ అన్న పేరు మాత్రం మిగులుతుంది, అందులో ఏముందో చెప్పేవారుండరు.)

అక్కర్లేని ప్రచార సందేశాలపై 1909 నంబరుకు ఫిర్యాదు చేసే వీలుంది కదా అనవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ఎస్‌ఎమ్‌ఎస్‌లను టెలికాం సంస్థలు వడకడతాయి. కానీ వాట్సాప్‌కు, ఈమెయిల్‌కు ఆ జల్లెడ లేదు. అక్కడ భారమంతా పంపేవారిదే. అంగీకారం ఇవ్వడం ఎంత సులువో, ఉపసంహరించుకోవడమూ అంతే సులువుగా ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెబుతోంది.

కాబట్టి, కొత్త టెంప్లేటు తెరవగానే వద్దన్నవారిని మినహాయించే షరతు అందులో ముందే ఉండేటట్టు, యజమాని అనుమతి లేనిదే దాన్ని తొలగించే వీలు లేకుండా సాఫ్ట్‌వేర్ తయారీదారులు ఏర్పాటు చేయాలి. వర్తక సంఘాలు కూడా, ఒక్కో టెంప్లేటుకు బాధ్యుడెవరో, చివరిసారి ఎప్పుడు సరిచూశారో దాని పేరు పక్కనే రాయించాలని, పంపే ముందు జాబితాలోంచి కొన్ని పేర్లు తెరిచి చూసే అలవాటు సిబ్బందికి నేర్పించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ