లిథియం బిళ్ళ దొరుకుతోంది, రక్తపరీక్షే దొరకడం లేదు

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒక మండల కేంద్రంలో నాకు ఎరువుల దుకాణం ఉంది. ఆరేళ్ల కిందట వానాకాలం సీజన్‌లో వరసగా నాలుగు రాత్రులు నిద్రపోలేదు, అయినా అలసట లేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ యూరియా, డీఏపీ బస్తాలు ఎత్తి ఇచ్చాను. ఖాతా పుస్తకంలో ఒక్క పేరూ రాయలేదు. "సేటు ఈసారి మంచి హుషారు మీదున్నడు" అని ఊరంతా మెచ్చుకుంది. ఆ హుషారే జబ్బని తెలిసేసరికి అప్పు ఎంత తేలిందో ఇక్కడ రాయను. మా ఆవిడ చదువుతుంది.

అంతకు ముందు ఎండాకాలం అంతా షట్టర్ ఎత్తలేదు. ఒక డాక్టర్ డిప్రెషన్ అనుకుని దిగులు తగ్గే మాత్రలు రాశారు. బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి హుషారు వచ్చే జబ్బు) ఉన్న కొందరికి ఆ మాత్రలొక్కటే ఇస్తే మనసు ఒక్కసారిగా పైకి లేచిపోతుందని తర్వాత తెలిసింది. చివరికి నాదీ బైపోలారే అని తెలిసింది, దానికి లిథియం మొదలైంది. మందు బాగానే పనిచేస్తోంది. నా గోడు మందు గురించి కాదు.

లిథియం రక్తంలో లీటరుకి దాదాపు 0.6 నుంచి 1 మిల్లీమోల్ మధ్య ఉండాలి. తగ్గితే జబ్బు తిరగబెడుతుంది, 1.5 దాటితే చేతులు వణకడం, వాంతులు, నడక తూలడం మొదలవుతాయి. అందుకే కొన్ని నెలలకోసారి లిథియం లెవెల్, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించుకోవాలి. మా జిల్లా ఆసుపత్రిలో లిథియం లెవెల్ చూడరు. రాత్రి బిళ్ళ వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం ఇవ్వాలి కాబట్టి, తెల్లవారుజామున నాలుగు గంటల బస్సుకి హైదరాబాద్ పోతాం. (మా ఆవిడకి బస్సు ఉచితం, జబ్బు మనిషికి టికెట్!) ఆ రోజు దుకాణం బంద్.

మన ఎండల్లో ఇది ఇంకా ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గితే లిథియం పెరుగుతుంది. నడుం నొప్పికి మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్ కొని మింగినా పెరుగుతుంది. జబ్బు మనిషి కదా అని మా అత్తగారు ప్రేమతో ఉప్పు లేని పథ్యం పెట్టారు, దాంతోనూ పెరుగుతుంది. ఈ మూడూ మాకు ఎవరూ చెప్పలేదు. చేతులు వణికాక తెలిశాయి.

డాక్టర్ గారి గది బయట యాభై మంది ఉంటారు, ఆయన్ని తప్పుపట్టను. కానీ చీటీ రాశాక ఇంటివాళ్లని పావుగంట కూర్చోబెట్టి, నిద్ర తగ్గితే జాగ్రత్తపడండి, డబ్బు జబ్బు మనిషి చేతికివ్వకండి అని చెప్పే మనిషి ఒక్కరైనా ఉండాలి కదా. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు. ఫోన్ రక్తం తీయలేదు కదా సార్.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రతి జిల్లాలో కనీస మానసిక వైద్య సేవలు ప్రభుత్వమే అందుబాటులో ఉంచాలంటోంది. లిథియం రాసి దాని పరీక్ష లేకపోవడం కనీసం కిందికి ఎలా వస్తుంది?

నేను అడిగేవి రెండే. జిల్లా ఆసుపత్రి ల్యాబ్‌లో లిథియం లెవెల్ చూడండి. యంత్రం కుదరకపోతే శాంపిల్ మీరే నగరానికి పంపి, రిపోర్టు మా డాక్టర్‌కి తెప్పించండి. నెలకోసారి మా ఇళ్లవాళ్లంతా కూర్చుని మాట్లాడుకోవడానికి ఆసుపత్రిలో ఒక గది, ఒక కౌన్సిలర్‌ని ఇవ్వండి. ఆ గదికి పేరు మాత్రం మామూలుగా పెట్టండి. "ఎర్రగడ్డ" అన్న మాటని మనం తిట్టుగా మార్చుకున్నాం. బోర్డు చూసి మా ఆవిడ లాంటివాళ్లు గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగిపోతారు.

నా పేరు కింద రాయకపోవడానికీ కారణం అదే. పెళ్లీడుకొచ్చిన కూతురుంది.

మళ్లీ పరీక్ష మే మొదటి వారంలో ఉంది.

ఇట్లు,
ఒక ఎరువుల దుకాణదారు